ఇంకా ముదరలేదు, తరవాత రండి

డెబ్బయ్యేళ్ళు నిండినవాళ్ళకు ఈ దేశంలో ఇంత మర్యాద మునుపెన్నడూ జరగలేదు. తెల్లకార్డు అడగరు, ఆదాయం సర్టిఫికెట్టు అడగరు, పాత రోగాల చిట్టా అడగరు. ఆధార్‌లో వయసు 70 కనిపిస్తే చాలు, వేలిముద్ర వేయించుకుని చేతిలో కార్డు పెడతారు. ఆయుష్మాన్ వయ వందన కార్డు. 2024 సెప్టెంబరు 11న కేంద్ర మంత్రివర్గం సరేనంది. అక్టోబరు 29న, ధన్వంతరి జయంతి చూసుకుని, ప్రధానమంత్రి ఢిల్లీలో ప్రారంభించారు. నాలుగున్నర కోట్ల కుటుంబాల్లో ఆరు కోట్ల మంది పెద్దలకు ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్యం ఉచితమన్నారు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ డెబ్బై దాటినవాళ్ళయితే ఆ 5 లక్షలూ ఇద్దరూ కలిసి వాడుకోవాలి. కష్టం సుఖం చెరి సగమని యాభై ఏళ్ళ కిందటే అగ్నిసాక్షిగా ఒప్పుకున్నారు కనక ఎవరూ పేచీ పెట్టలేదు.

షరతు ఒకే ఒకటి. మంచం పట్టాలి.

ఇంట్లో మంచం పడితే చెల్లదు. ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో, నెంబరు వేసిన మంచం అయి ఉండాలి. తన కాళ్ళ మీద నడిచొచ్చి, కుర్చీలో కూచుని డాక్టరుకు చెయ్యి చూపించి, చీటీ రాయించుకుని, మందులు కొనుక్కుని, మళ్ళీ తన కాళ్ళ మీద ఇంటికి పోయేవాణ్ణి ఈ పథకం రోగిగా లెక్కవేయదు. అలా వచ్చిపోయేవాడు బాటసారి. ఓపీకి ఇందులో చోటు లేదు. ఒట్టి పరీక్షల కోసం రెండు రోజులు పడుకుంటానన్నా కుదరదు. 1,900కు పైగా చికిత్సల ప్యాకేజీలున్నాయి. తుంటి విరిగితే ఒకటి, గుండె రక్తనాళం పూడితే ఒకటి, కంట్లో శుక్లం పండితే ఒకటి. ఇంత పొడుగు జాబితాలో ‘నెలకోసారి బీపీ చూసి మాత్రలివ్వడం’ అనే వరుస ఎక్కడా తగలదు.

ఏ నెట్‌వర్క్ ఆసుపత్రి కౌంటరు దగ్గర కాసేపు నిలబడ్డా ఇలాంటి మాటలు చెవిన పడతాయి. ఊరి పేరు అక్కర్లేదు.

“నాయనా, నాకు డెబ్బై నాలుగు. ఇదిగో కార్డు. సుగరు చూపించుకోవాలి.”

“మామ్మగారూ, ఓపీకి కార్డు పనిచెయ్యదండి. ఫీజు కట్టాలి.”

“పోనీ మందులు?”

“బయట కొనుక్కోవాలండి.”

“రక్తం పరీక్ష?”

“అదీ అంతేనండి.”

“మరి ఈ కార్డు దేనికి నాయనా?”

“ఎడ్మిట్ అయితే అన్నీ ఫ్రీయేనండి. బువ్వ కూడా పెడతారు.”

“ఎడ్మిట్ ఎప్పుడు చేసుకుంటారు?”

“కాలి మీద పుండు పడి మానకపోయినా, కిడ్నీలు దెబ్బతిన్నా, పక్షవాతం వచ్చినా... అలాంటివాటికండి.”

“అవేవీ నాకింకా రాలేదయ్యా!”

“వచ్చాక రండి మామ్మగారూ.”

ఆ కుర్రవాణ్ణి తిట్టుకోకండి. అతని మాటలో వెటకారం లేదు. మార్గదర్శకాల పుస్తకంలో పేజీలకు పేజీలు రాసినదాన్ని గోదావరి యాసలో మూడు ముక్కల్లో తేల్చాడు. పైగా మామ్మగారూ అన్నాడు, అండీ అన్నాడు. పుస్తకంలో ఆ మర్యాద కూడా లేదు.

ముసలితనంలో మనుషులకు ఎలాంటి జబ్బులు వస్తాయో ప్రభుత్వానికి తెలియదనుకుంటే అపచారం. 2017-18లో దేశమంతా తిరిగి లాసీ అనే సర్వే చేయించింది ప్రభుత్వమే. అరవై దాటినవాళ్ళలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘరోగం ఉందని 2021లో అచ్చువేసి విడుదల చేసింది కూడా ప్రభుత్వమే. షుగరు, బీపీ, కీళ్ళవాతం, ఆయాసం, గుండె దడ. ఇవి మాత్రల రోగాలు. పొద్దున్నే ఒకటి, అన్నం ముందు ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. మూడు నెలలకో రక్తపరీక్ష, ఏడాదికోసారి కన్ను, పాదం, మూత్రం. చూస్తే ఎంత చప్పగా ఉందో గమనించండి. కత్తి లేదు, కుట్టు లేదు, ఆపరేషన్ థియేటరు ముందు ఏడుపు లేదు. పేపరులో వేయించుకోవడానికి ఒక్క మంచి ఫొటో కూడా రాదు. ఇలాంటి వైద్యానికి డబ్బిచ్చి ఏ ప్రభుత్వం మాత్రం ఏం బావుకుంటుంది?

కాస్త ఓపిక పడితే మాత్రం అదే షుగరు బ్రహ్మాండంగా పండుతుంది. జనౌషధి దుకాణంలో మెట్‌ఫార్మిన్ పట్టీ ఖరీదు ఒక టీకి అటూ ఇటూ. ఆ పట్టీ పథకంలోకి రాదు. అది వేసుకోలేదనుకోండి. ముందు అరికాలు తిమ్మిరెక్కుతుంది, చెప్పులో రాయి ఉన్నా తెలియదు. రాయి పుండవుతుంది. పుండుకు కట్టు కట్టించుకోవడం ఓపీ, కనక అదీ రాదు. పుండు ముదిరి చీము పడుతుంది, వేలు నల్లబడుతుంది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, తలుపులు బార్లా తెరుచుకుంటాయి. స్ట్రెచర్ వస్తుంది. మత్తు డాక్టరు వస్తాడు. వేలు తీసెయ్యాలంటే ప్యాకేజీ ఉంది, పాదం తీసెయ్యాలంటే ప్యాకేజీ ఉంది, మోకాలి దాకా పోవాల్సి వస్తే దానికీ ఉంది. మాత్రకు దొరకని డబ్బు రంపానికి దొరుకుతుంది.

బీపీ సంగతీ ఇంతే. ఎమ్లోడిపిన్ మాత్ర మీ ఖర్చు, పక్షవాతం ప్రభుత్వం ఖర్చు. క్రియాటినిన్ పరీక్ష మీ ఖర్చు, డయాలసిస్ ప్రభుత్వం ఖర్చు. కంట్లో నీటికాసులుంటే జీవితాంతం రోజూ వేసుకోవాల్సిన చుక్కలు మీరే కొనుక్కోవాలి. చుక్కలు మానేసి చూపు పోగొట్టుకుంటే మాత్రం పాపం ప్రభుత్వం కూడా ఏమీ చేయలేదు, పోయిన చూపు తెప్పించే ప్యాకేజీ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మన పెద్దలు ఊరికే సామెతగా వాడుకునేవారు. ఇప్పుడు ఆకులకు ఏడాదికి 5 లక్షలు మంజూరయ్యాయి. చేతులు మాత్రం ఎవరివి వాళ్ళే కాల్చుకుని రావాలి.

న్యాయంగా చెప్పుకోవాలంటే ఓపీ బొత్తిగా లేదనడం తప్పు. మంచం ఎక్కబోయే ముందు 3 రోజులు, దిగాక 15 రోజులు ఉంది. ఆ రోజుల పరీక్షలూ మందులూ పథకమే భరిస్తుంది. ఈ 15 అనే అంకె ఏ వైద్యశాస్త్రంలోంచి తీశారోగాని, గొప్ప అంకె. పదహారో రోజు తెల్లవారేసరికి షుగరు, బీపీ, గుండెజబ్బు ముగ్గురూ లేచి, స్నానం చేసి, “ఇన్నాళ్ళూ బాగా చూసుకున్నారు, ఇక సెలవు” అని గుమ్మం దిగి వెళ్ళిపోతారు కాబోలు. మన ఆరోగ్యశ్రీలో కొన్ని జబ్బులకు ఏడాదిపాటు ఫాలోఅప్ మందులిచ్చే ఏర్పాటు ఉంది, అది మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ మందుల వరసలో నిలబడాలన్నా ముందు మంచం ఎక్కాలి.

మనవాళ్ళు తక్కువ తిన్నారా? ఫీజు కట్టి చూపించుకునే బదులు, “డాక్టరుగారూ, నాన్నను రెండు రోజులు ఎడ్మిషన్ రాసెయ్యండి, ఎలాగూ కార్డుందిగా” అని అడిగే కొడుకులు తయారయ్యారు. ఒట్టి పరీక్షలకు చేర్చుకోకూడదు కనక కాగితం మీద ఏదో ఒక రోగం ఉండాలి. కనక రోగం కనబడుతుంది. శుభ్రంగా నడుస్తున్న పెద్దమనిషి సెలైన్ గొట్టం తగిలించుకుని, మంచం మీద కూచుని, ఆవురావురుమని ఇడ్లీ తింటూ ఫొటో దిగుతాడు. ఓపీకి రెండు వందలివ్వనన్న ఖజానా ఇన్‌పేషెంటుకు వేలు వేలు ధారపోస్తుంది. ఇందులో ఎవరు ఎవరిని మోసం చేశారో చెప్పడం కష్టం. అందరూ నిబంధనల ప్రకారమే నడిచారు.

మంచం ఎక్కినవాళ్ళ విషయంలో ఈ పథకం చూపించే ఔదార్యానికి హద్దు లేదు. చావు కూడా దానికి అడ్డు కాదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చదవండి. వయ వందనకు తల్లి పథకమైన ఆయుష్మాన్ భారత్ లెక్కల్లో అంతకుముందే చనిపోయినట్టు నమోదైన 3,446 మంది పేరు మీద మళ్ళీ చికిత్స చేసినట్టు చూపి 6.97 కోట్ల రూపాయలు చెల్లించారు. ఏడున్నర లక్షల మందికి ఒకటే ఫోన్ నెంబరు: పది తొమ్మిదులు. మామ్మగారు చేసిన పొరపాటేమిటో ఇప్పుడు తెలిసింది కదా. బతికి ఉండి, నడిచి వచ్చి, తన సొంత ఫోన్ నెంబరు ఇచ్చింది.

మన రాష్ట్రాల్లో ఈ విద్య ఢిల్లీ కంటే పాతది, ఆ ఘనత మనం ఎవరికీ వదులుకోనక్కర్లేదు. 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి 2 లక్షల వరకూ. పేదవాడి గుండె ఆపరేషన్‌కు అప్పు తెచ్చుకోనక్కర్లేదన్న మాట నిజంగా పెద్ద మాటే. ఆ పథకం పుణ్యాన బతికినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, వాళ్ళ ముందు వెకిలి నవ్వు నవ్వడం నా వల్ల కాదు. నవ్వు వచ్చేది ఆ తరవాత జరిగిన వేలంపాటకు. కేంద్రం 5 అంది. 2023 డిసెంబరులో తెలంగాణ 10 అంది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 అంది. ఒకటోసారి, రెండోసారి! ఈ పాట పాడినంతసేపూ, నెలకు మూడు వందల మందుల చీటీ పట్టుకుని పక్కన నిలబడ్డ ముసలాయన వైపు ఒక్కరూ తిరిగి చూడలేదు. ఆయనకు 25 లక్షలు అక్కర్లేదు. నెల నెలా మూడు వందలు కావాలి. అంత చిన్న అంకె హోర్డింగు మీద వేస్తే పరువు తక్కువ.

అంకె పెరగనప్పుడు పేరు మారుతుంది. ఆంధ్రలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పోయి ఎన్టీఆర్ వైద్యసేవ వచ్చింది, అది పోయి వైఎస్సార్ ఆరోగ్యశ్రీ వచ్చింది, 2024లో అది పోయి మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ వచ్చింది. రోగులకు జరిగిన ప్లాస్టిక్ సర్జరీల కంటే పథకానికి జరిగినవే ఎక్కువేమో. ఎన్ని పేర్లు మారినా బకాయిలు మాత్రం పాత పేరుతోనే నడుస్తుంటాయి. డబ్బు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు నోటీసులివ్వడం, చర్చలు జరగడం, కొంత విదిలించడం, సేవలు మళ్ళీ మొదలవడం రెండు రాష్ట్రాల్లోనూ బతుకమ్మ, సంక్రాంతి లాగా తప్పకుండా వచ్చిపోయే వేడుకలయ్యాయి.

“ఓపీ కావాలంటే సర్కారు దవాఖాన ఉంది కదా, బీమాతో పనేంటి?” అని గదమాయించే ఆర్థికవేత్తలున్నారు. మాట సబబే. ఇన్సూరెన్సు అంటే పెద్ద ప్రమాదానికే ఉండాలి, చిల్లర ఖర్చుకు కాదు, చిల్లర వైద్యం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చూసుకుంటుంది అంటారు. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలున్నాయి. ఆంధ్రలో 2023లో డాక్టరునే పల్లెకు పంపే ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం పెట్టారు. పనిచేసిన చోట మామ్మగార్లు దీవించారు కూడా. చిక్కల్లా ఎక్కడంటే, 2017 జాతీయ ఆరోగ్య విధానంలో ఆరోగ్యం మీద పెట్టే డబ్బులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికే కేటాయించాలని మన ప్రభుత్వమే రాసుకుంది. 2025 కల్లా ఆరోగ్యానికి సర్కారు ఖర్చు జీడీపీలో 2.5 శాతం చేస్తామనీ రాసుకుంది. 2025 వచ్చి వెళ్ళిపోయింది. 2.5 ఇంకా దారిలోనే ఉంది, బస్సు దొరికినట్టు లేదు. మధ్యలో చురుగ్గా జరిగిన పని ఒకటుంది. 2023 చివర్లో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లన్నిటికీ ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పేరు పెట్టారు. గుడి అన్నాక ప్రసాదం ఉంటే తీసుకోవాలి, లేకపోతే దణ్ణం పెట్టుకుని రావాలి. పది రోజుల మాత్రలిచ్చి, పదకొండో రోజు స్టాకు లేదంటే ఎవరితో పోట్లాడతాం?

ఇక రోగం రాకుండా చూసుకోవడం. ఈ రంగంలో మనవాళ్ళ కృషి ప్రత్యేకంగా పొగడాలి. ముప్పై దాటిన ప్రతివాళ్ళకీ షుగరు, బీపీ, కొన్ని క్యాన్సర్లు వెతికే జాతీయ కార్యక్రమం ఉంది. ఆరోగ్య కార్యకర్త గుమ్మంలోకొచ్చి చెయ్యి పట్టుకుని, వేలు పొడిచి, అంకె చూసి ట్యాబ్‌లో ఎక్కిస్తుంది. “మామ్మా, నీకు బీపీ ఉంది” అంటుంది. ప్రభుత్వం లక్ష్యం నెరవేరింది. రోగం ఎక్కడుందో దానికి తెలిసిపోయింది. ఆ తరవాత మామ్మ ఏం చెయ్యాలన్నది మామ్మ సొంత విషయం. న్యుమోనియా టీకా, ఫ్లూ టీకా, ముసలివాళ్ళను నిలువునా కాల్చే సర్పికి టీకా అన్నీ బజారులో ఉన్నాయి. సార్వత్రిక టీకాల కార్యక్రమం పిల్లలకూ గర్భిణులకూ కనక, డెబ్బై దాటినవాళ్ళు ఈ రెంటిలో దేనికిందికైనా వస్తారేమో చూసుకోవాలి. ఆదాయపన్ను చట్టం మాత్రం కాస్త దయ తలిచింది. ముందుజాగ్రత్త పరీక్షలకు ఏడాదికి 5,000 రూపాయల దాకా మినహాయింపు ఇస్తుంది, అదీ పన్ను కట్టేవాళ్ళకు, అదీ పాత పద్ధతిలో కట్టేవాళ్ళకు. వృద్ధాప్య పింఛను మీద బతికే మనిషి ఈ మినహాయింపు ఎలా వాడుకోవాలో ఆడిటర్ని అడగాలి. ఆడిటరు ఫీజు కూడా ఓపీ కిందికే వస్తుంది.

రాష్ట్రీయ వయోశ్రీ అని మరొకటుంది, 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలెట్టారు. పేద వృద్ధులకు చేతికర్ర, కళ్ళజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్ళు ఇస్తారు. మంచి ఆలోచన, అసలు ఈ జాబితా రాసినవాడికి ఇంట్లో ఎవరో ముసలివాళ్ళుండి ఉంటారు. కాకపోతే అది శిబిరం పెడితే వచ్చే వైభోగం. శిబిరానికి షామియానా కావాలి, షామియానాకు ముఖ్య అతిథి కావాలి, ముఖ్య అతిథికి తీరిక కావాలి. అప్పటిదాకా చూపు ఆనక గడప తట్టుకుని పడి తుంటి విరగ్గొట్టుకుంటే భయం లేదు. తుంటికి ప్యాకేజీ ఉందని ముందే మనవి చేశాను.

అమెరికా మనకంటే గొప్పదేమీ కాదు, ఆ వెర్రి వేరు. 1965 జులై 30న ప్రెసిడెంటు జాన్సన్ మెడికేర్ మీద సంతకం చేసినప్పుడు ముసలివాళ్ళకు రెండు అరల బీరువా చేయించారు. పార్ట్ ఏ ఆసుపత్రి మంచానికి, పార్ట్ బీ డాక్టరు గదికీ ఓపీకీ పరీక్షలకూ. మొదట్లో పార్ట్ బీ ప్రీమియం నెలకు 3 డాలర్లు, 2025లో 185. పిల్లల దగ్గర గ్రీన్‌కార్డు మీద స్థిరపడ్డ మన తెలుగు తల్లిదండ్రులు అరవై అయిదు నిండి, అయిదేళ్ళు అక్కడే కాపురముంటే డబ్బు కట్టి చేరొచ్చు. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, మామోగ్రాము చేతిలోంచి పైసా పడకుండా అయిపోతాయి. ఏడాదికోసారి డాక్టరు కూచోబెట్టి, మరుపు వస్తోందా, ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా అని అడుగుతాడు. పళ్ళు, కళ్ళజోడు, వినికిడి యంత్రం మాత్రం మొదట్నుంచీ చట్టంలోనే లేవు. మనిషి ఆరోగ్యంగా ఉంటే చాలు, చూడాలనీ వినాలనీ నమలాలనీ కోరిక ఎందుకని కాబోలు. అందుకే మనవాళ్ళు పళ్ళు కట్టించుకోవడానికి హైదరాబాదు విమానమెక్కుతారు. ఇక్కడ దిగాక ఆ బీమా చెల్లదు, అక్కడ ప్రీమియం మాత్రం కడుతూనే ఉండాలి. ఇంకో చిత్రం చూడండి. అక్కడ మనిషిని ఆసుపత్రి మంచం మీద రెండేసి రాత్రులు పడుకోబెట్టి, సెలైన్ పెట్టి కూడా, “మీరు ఔట్‌పేషెంటే, పరిశీలనలో ఉన్నారంతే” అని కాగితం చేతికిస్తారు. దాంతో తరవాత నర్సింగ్ కేంద్రంలో ఉండాల్సి వస్తే ఆ ఖర్చు మెడికేర్ ఇవ్వదు. అక్కడ పడుకున్నవాడు ఓపీ, ఇక్కడ నడుస్తున్నవాడు ఐపీ. ఇద్దరు ముసలివాళ్ళను విమానంలో అటూ ఇటూ మార్చేస్తే రెండు దేశాల లెక్కలూ చక్కగా సరిపోతాయి. ఏమైనా అనండి, అరవై ఏళ్ళ కిందటే ఓపీ అనేది ముసలివాళ్ళ వైద్యంలో సగమని ఒప్పుకుని దానికో అర కట్టారు. మనం 2024లో బీరువా చేయించి ఒకటే అర పెట్టాం, దానికీ మంచం ఆకారం చెక్కించాం.

మనకు ఓపీ నడపడం చేతకాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1948 చట్టంతో పుట్టిన ఈఎస్ఐ ఉంది. అందులో ఉండి రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఓపీతో సహా వైద్యం. డిస్పెన్సరీల అవస్థ ఎలా ఉన్నా, సూత్రం ఉంది. 1954 నుంచి సీజీహెచ్‌ఎస్ ఉంది. కేంద్ర ఉద్యోగులకూ పింఛనుదారులకూ డాక్టరు, పరీక్షలు, మందులు అన్నీ అందులో వస్తాయి, మంచం ఎక్కక్కర్లేదు. వయ వందన వచ్చిన ఆ 2024లోనే ఈ సీజీహెచ్‌ఎస్‌లో ఒక సవరణ తెచ్చారు. 70 దాటినవాళ్ళు ఎవరి చీటీ లేకుండా నేరుగా గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రిలో స్పెషలిస్టుకు ఓపీలో చూపించుకోవచ్చు. అంతకుముందు 75 ఉండేది, పెద్ద వయసువాళ్ళు తిరగలేరని తగ్గించారు. ఒకే ఏడాది, ఒకే ప్రభుత్వం, ఒకే 70. ఈ గుమ్మంలో ముసలివాళ్ళు తిరగలేరు పాపమన్న దయ, ఆ గుమ్మంలో తిరగ్గలిగినంతకాలం రావద్దన్న నిబంధన.

సీజీహెచ్‌ఎస్ తలుపు ఎంపీలకూ, మాజీ ఎంపీలకూ కూడా తెరిచే ఉంటుంది. చందా కడతారు, నిజమే. మామ్మగారు కూడా కడుతుంది, ఎంతో చెప్పమనండి. కొంగున ముడి విప్పడానికి ఆవిడ ఎప్పుడూ వెనకాడలేదు, ఇన్నాళ్ళూ ఫీజులూ మందుల షాపు బిల్లులూ కట్టింది ఆవిడే.

వయ వందన నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది, దాని మీద ఎందుకో పెద్దగా ప్రచారం లేదు. సీజీహెచ్‌ఎస్‌లో ఉన్న డెబ్బై దాటినవాళ్ళు కోరుకుంటే ఆ పాత సౌకర్యం వదులుకుని ఈ కొత్త కార్డు తీసుకోవచ్చు. రెండిట్లో ఏదో ఒకటే. ప్రపంచంలోకెల్లా పెద్ద ఆరోగ్య పథకమని సభల్లో గొంతు చించుకుని చెప్పే పెద్దలందరికీ ఈ అవకాశం చేతిలోనే ఉంది. మొదట ఒక్క ఏడాది చాలు. డెబ్బై దాటిన ఎంపీలూ మాజీ ఎంపీలూ వయ వందన కార్డులోకి రావాలి. వాళ్ళు ఖాళీ చేసిన సీజీహెచ్‌ఎస్ కుర్చీల్లో అంతమంది మామ్మగార్లను కూచోబెట్టాలి. ఖజానా మీద అదనంగా పైసా పడదు. బీపీ మాత్ర కోసం కౌంటరు దగ్గరకొచ్చిన పెద్దమనిషికి మన గోదావరి కుర్రాడు మర్యాదగానే చెబుతాడు: “మూతి వంకర పోయిందాండీ? చెయ్యి పడిపోయిందా? లేదా? అయితే కొన్నాళ్ళు ఆగి రండి సార్. అప్పుడొస్తే బువ్వ కూడా పెడతారు.”